సున్నా లేని పట్టిక

కోర్టు ప్రహరీగోడను ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఏడు బల్లలు, ఏడుగురు టైపిస్టులు. గుమ్మం పక్క బల్ల ఆమెది. ఇరవై రెండేళ్ళుగా ఆమె చోటు మారలేదు. బల్ల మీది టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చింది, అంతే. ఆమెను షెడ్డులో ఎవరూ పేరు పెట్టి పిలవరు. లాయర్ల దగ్గర నుంచి కాఫీ ఇచ్చే మనిషి వరకూ అందరికీ ఆమె 'కామాగారు'.

ఆ పేరు వెనక కథ ఉంది. పనిలో చేరిన కొత్తలో ఒక పంపకం కాగితం టైపు చేస్తూ ఆగిపోయింది. పెద్దకొడుక్కి "తోట బావి" అని చెప్పాడు లాయరు. "తోటా, బావీ రెండూనా? తోటలో ఉన్న బావి ఒక్కటేనా?" అని అడిగింది. "చెప్పింది కొట్టవమ్మా" అని ఆయన విసుక్కున్నాడు. ఆమె కొట్టలేదు. బయట చెట్టుకింద కూర్చున్న ముసలాయన దగ్గరికి పోయి అడిగొచ్చి, తోట తర్వాత కామా పెట్టింది. ఆ ఒక్క చుక్కతోక లేకపోతే పెద్దకొడుక్కి బావిలో నీళ్ళు తప్ప మరేం దక్కేవి కావు. లాయర్లు నవ్వుతూ పెట్టిన పేరు అది. ఆమెకేమీ కోపం రాలేదు. కామా పెట్టాల్సిన చోట పెట్టానని తెలిసినప్పుడు ఇంక కోపమెందుకు అనుకుంది.

మొగుడితో పడక ఇరవై మూడేళ్ళకే బయటికొచ్చేసింది. అప్పటినుంచీ తమ్ముడి ఇంట్లో వీధివైపు గది ఆమెది. తమ్ముడు నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు. మాట మెత్తన, భయమెక్కువ. అతనికి ఒక్కతే కూతురు. ఆ పిల్ల అ ఆ లు దిద్దింది అత్త ఒళ్ళో కూర్చుని, పాత టైపు మిషను మీట్ల మీద.

నలభై నాలుగో ఏట కామాగారు లా చదువుతానంది. దానికి కారణం ఒక సీనియర్ లాయరు. అప్పీలు గడువు ఆయన తప్పు చెప్పాడు, ఆమె సరిదిద్దింది. షెడ్డులో నలుగురూ వింటుండగా ఆయనకు చిన్నతనమైంది.

"నీ పని టైపు చెయ్యడం. ఆలోచించడం మా పని. దానికి నల్లకోటు కావాలి," అన్నాడు.

"ఎక్కడ కుట్టిస్తారండీ ఆ కోటు?" అందామె, కళ్ళు తెర మీంచి తిప్పకుండా.

షెడ్డు గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వలేదు. దూరవిద్యలో తెచ్చుకున్న డిగ్రీ పట్టా పెట్టె అడుగునుంచి తీసి, ఆ వారంలోనే లా ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పంపింది. అదే ఏడు మేనకోడలూ డిగ్రీ ముగించి అదే పరీక్షకు కట్టింది. ఊళ్ళో ఉన్న ప్రభుత్వ న్యాయ కళాశాల ఒక్కటే. పగటి తరగతులకైనా సాయంత్రం తరగతులకైనా ర్యాంకుల జాబితా ఒక్కటే. అత్తా మేనకోడళ్ళిద్దరూ భోజనాల బల్లకు అటొకరూ ఇటొకరూ కూర్చుని ఆరు నెలలు చదివారు. మరదలు కంచాలు పట్టుకుని నిలబడి, "వకీళ్ళమ్మలూ, కాస్త బల్ల ఖాళీ చేస్తారా?" అనేది.

పరీక్ష రెండు పూటలు పెట్టారు. మేనకోడలిది ఉదయం, అత్తది మధ్యాహ్నం. రెండు పేపర్లూ వేరు. వంద ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక్క మార్కు, తప్పుకు కోత లేదు. జవాబు పత్రం నకలు ఇంటికిచ్చారు. వారానికి జవాబులు ప్రకటించారు. మధ్యాహ్నం పేపర్లో ఒక పేరా అచ్చులో సగం ఎగిరిపోయిందనీ, దాని కింది నాలుగు ప్రశ్నలూ రద్దు చేసి, ఆ పూట రాసిన అందరికీ నాలుగు మార్కులూ ఇస్తున్నామనీ దాంతోపాటే ఒక ప్రకటన వచ్చింది.

నకలు ముందేసుకుని లెక్క చూసుకున్నారు. మేనకోడలికి డెబ్బై. అత్తకు సరైనవి డెబ్బై ఒకటి, పైన నాలుగు. మొత్తం డెబ్బై ఐదు.

"అత్తా, నన్ను కొట్టేశావు!" అంది పిల్ల.

ఫలితాలొచ్చాయి. కార్డు మీద మార్కులు లేవు, స్కోరు మాత్రమే ఉంది. నూరు నుంచి రెండు వందల మధ్య అంకె. మేనకోడలికి నూట యాభై ఎనిమిది. అత్తకు నూట యాభై నాలుగు. కళాశాలలో సీటు నూట యాభై ఏడు దగ్గర ఆగిపోయింది.

ఇంట్లో ఏడవాలో నవ్వాలో ఎవరికీ తెలియలేదు. తమ్ముడు కూతురి తల నిమురుతూ అక్కవైపు చూడలేక గోడవైపు చూశాడు. ఆమె మాత్రం కార్డులు రెండూ పక్కపక్కన పెట్టింది.

"డెబ్బైకి యాభై ఎనిమిదీ, డెబ్బై ఐదుకు యాభై నాలుగూనా? ఇదెక్కడి లెక్కే?"

"మార్కులు వేరు, స్కోరు వేరత్తా," అంది పిల్ల, ఓపిగ్గా. "షెడ్డులో కొత్తగా చేరేవాళ్ళకు నువ్వు టైపు పరీక్ష పెట్టేదానివి కదా. ఒకమ్మాయికి తేలిక కాగితం ఇచ్చావు, ఇంకో అమ్మాయికి లాటిన్ ముక్కలున్న తీర్పు ఇచ్చావు. ఇద్దరూ నిమిషానికి నలభై మాటలే కొట్టారు. ఇద్దరూ సమానమేనా?"

"కాదు. తీర్పు కొట్టిన పిల్లే గట్టిది."

"అదే స్కేలింగ్. ఎవరు ఏ పూట రాయాలో లాటరీ తీసినట్టు పంచేశారు. కాబట్టి రెండు గుంపుల్లోనూ తెలివైనవాళ్ళు దాదాపు సమానంగా ఉంటారు. ఏ పూట మార్కులు మొత్తంగా తక్కువొస్తే ఆ పేపరు కష్టమన్నట్టు. అందుకని పూటకో పట్టిక తయారు చేస్తారు. నీ మార్కు ఎదురుగా ఏ స్కోరుంటే అది నీది. మీ పేపరు కాస్త తేలికట."

కామాగారు కార్డులు పక్కకు జరిపింది. "న్యాయంగానే ఉంది," అని ఒప్పుకుంది. "అయితే ఆ పట్టిక చూపించు."

పట్టికలు పరీక్షల మండలి వెబ్‌సైట్లో ఉన్నాయి. మధ్యాహ్నం పట్టికలో డెబ్బై ఐదు ఎదురుగా వేలు పెట్టింది. నూట అరవై ఉంది. వేలు పైకి జరుపుకుంటూ పోయింది. నూట యాభై నాలుగు దగ్గర ఆగింది. దాని ఎదుట డెబ్బై ఒకటి.

"నా నాలుగూ నాకు వెయ్యలేదు," అంది.

మర్నాడు సెలవు పెట్టి మండలి కార్యాలయానికి పోయింది. అక్కడ మూడు కిటికీలు. మొదటి కిటికీ రెండోదానికి పంపింది, రెండోది మూడోదానికి, మూడోది భోజనానికి వెళ్ళింది. నాలుగు రోజులు తిరిగాక స్కోర్ల అధికారి దొరికాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, కాగితం చూడకుండానే మాట్లాడాడు.

"ఆ నాలుగు మార్కులూ పట్టికలోనే సర్దేశాం అమ్మా. ఒట్టి మార్కు తీసుకొచ్చి పట్టికలో పెడితే చాలు, బోనసు దానంతటదే వచ్చేస్తుంది. మళ్ళీ మీ మార్కుకూ కలిపితే రెండుసార్లు ఇచ్చినట్టు. ఇదంతా స్టాటిస్టిక్సు. మామూలువాళ్ళకు అర్థం కాదు."

"సరేనండి. ఇప్పుడు మీరన్నదే రాసివ్వండి."

"ఎందుకు?"

"అర్థమయ్యేదాకా చదువుకుంటాను."

ఆయన ఫైలు మూశాడు. ఆమె కుర్చీలోంచి కదల్లేదు. చివరికి పీడ వదిలితే చాలనుకుని రెండు వాక్యాలు రాసి, ముద్ర కొట్టి ఇచ్చాడు.

ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చాక ఆమెకు ఒక అనుమానం పట్టుకుంది. ఆయనన్నదే నిజమైతే? నాలుగూ పట్టికలోనే ఉంటే, తను ఊరికే రచ్చ చేస్తున్నట్టే. ఆ మాట మేనకోడలితో అని, "ఆదివారం నాతో కాసేపు కూర్చో. రెండు పట్టికలూ పోల్చి చదువుదాం," అంది.

పోల్చి చదవడం టైపు షెడ్డులో రోజూ ఉండేదే. అసలు కాగితం ఒకరు పైకి చదువుతారు, నకలు మీద ఇంకొకరు వేలు పెట్టి వెంట వస్తారు. తేడా వస్తే "ఆగు" అంటారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, అదే బల్ల మీద, అత్త ఉదయం పట్టిక చదవడం మొదలుపెట్టింది.

"సున్నా, నూరు."

"ఆగు," అంది మేనకోడలు.

"అప్పుడేనా? ఇంకా మొదటి వరసే."

"మీ పట్టికలో సున్నా లేదత్తా. నాలుగుతో మొదలైంది. నాలుగు, నూరు."

ఇద్దరూ ఆ కాగితం మీదికి వంగారు. ఒకటి లేదు, రెండు లేదు, మూడు లేదు. పట్టిక నాలుగు దగ్గర పుట్టి వంద దగ్గర ముగిసింది.

పిల్ల చటుక్కున అందుకుంది. "ఉత్త కాగితం ఇచ్చినవాళ్ళకు కూడా నాలుగు మార్కులు వస్తాయి కదా! అందరికీ నాలుగు కలిపాక తయారుచేసిన పట్టిక ఇది. అందుకే నాలుగు కంటే కింద ఎవరూ లేరు. పట్టిక కలిపి వేశారు, మార్కు కలపకుండా చూశారు! నిన్నే కాదు, మధ్యాహ్నం రాసిన ప్రతివాళ్ళనీ నాలుగు మెట్లు కింద నిలబెట్టారు!"

కామాగారు మేనకోడలి బుగ్గలు రెండూ పట్టుకుని నొక్కింది. "నాకంటే గట్టి లాయరువే నువ్వు!"

పిల్ల పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

"అత్తా... వాళ్ళందరి స్కోర్లూ పెరిగితే... సీటు ఆగే చోటు కూడా పైకి పోతుంది కదా."

అవును. నూట యాభై ఏడు దగ్గర ఆగే గీత ఏ అరవై దగ్గరికో పోతుంది. ఆ పిల్లది నూట యాభై ఎనిమిది.

ఆ సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలగలేదు. మరదలు గదిలో తలుపేసుకుంది. తమ్ముడు వరండాలో కుర్చీ లాక్కుని అక్క ఎదుట కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అక్క మాటకు అడ్డం చెప్పని మనిషి.

"అక్కా, దండం పెడతాను. వదిలెయ్యి. వచ్చే ఏడు రాద్దువుగానీ."

"నేను రాస్తానురా. ఈ ఏడు మోసపోయిన మిగతావాళ్ళ సంగతేంటి?"

"వాళ్ళెవరో మనకు తెలియదు కదా."

"షెడ్డుకొచ్చేవాళ్ళు కూడా నాకు తెలియదు. అయినా వాళ్ళ కాగితం తప్పు కొట్టను."

మేనకోడలు గుమ్మంలో నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. "గీత ఎక్కడికి పోతుందో నీకు తెలియదు. నూట అరవై ఒకటికి పోతే నీకూ రాదు. నాదీ పోతుంది, నీకూ రాదు. ఎవరి కోసం అత్తా ఇదంతా?"

కామాగారు ఆ ఉబ్బిన కళ్ళవైపు చూసింది. ఎత్తుకుని పెంచిన పిల్ల. మొదటిసారి జ్వరమొస్తే తెల్లారేదాకా భుజాన వేసుకుని తిరిగిన పిల్ల. నోటిదాకా వచ్చిన "సరేలే" అన్న మాటను బలవంతాన మింగింది.

"నాకు రాకపోతే రానీ," అంది చివరికి. "నీకొచ్చింది నీ తెలివితో వచ్చింది, అందులో నీ తప్పేం లేదు. కానీ ఆ వరసలో నీ ముందు నిలబడాల్సినవాళ్ళను వెనక్కి నెట్టేశారే. అది తెలిసి నోరు మూసుకుని నేను లా ఏం చదవను? నువ్వేం చదువుతావు?"

"నేను చదువుతాను," అంది పిల్ల కసిగా. "నేనైతే హాయిగా చదువుతాను." లోపలికి పోయింది.

రెండు రోజుల తర్వాత కామాగారు తన బట్టలు, పుస్తకాలు సర్దుకుని జిరాక్స్ దుకాణం మీది గదికి మారిపోయింది. పొమ్మని ఎవరూ అనలేదు. ఆ కప్పు కింద ఉంటూ ఆ కప్పు కిందివాళ్ళ మీద కాగితం వెయ్యడం ఆమెకు నచ్చలేదు.

పిటిషను తనే రాసుకుంది. ఒకటిన్నర పేజీ. ఇరవై రెండేళ్ళలో వేల పిటిషన్లు కొట్టిన చేతులు, అడుగున తన పేరు మాత్రం రెండుసార్లు తప్పు కొట్టి దిద్దుకున్నాయి. కబురు షెడ్డు దాటి బార్ రూముకు పాకింది. నల్లకోటు మాటన్న సీనియరే గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మంచి పాయింటు పట్టావు. నేను వాదిస్తాను. ఫీజు వద్దు."

"వద్దండీ. ఈ ఒక్కటీ నేనే ఆలోచించుకుంటాను."

ఆయన మొహం మాడ్చుకున్నాడు గానీ, వాదన రోజున వెనక బెంచీలో అందరికంటే ముందొచ్చి కూర్చున్నది ఆయనే.

కోర్టు హాల్లో అన్నీ నల్లకోట్లు. మధ్యలో ఆమె నీలం చీర. ఆరుగురు టైపిస్టులూ పని ఆపి వచ్చి గోడవారన నిలబడ్డారు. మండలి తరఫు లాయరు అరగంట మాట్లాడాడు. సగటులన్నాడు, వక్రరేఖలన్నాడు, నిపుణుల కమిటీ అన్నాడు, ఇలాంటి విషయాల్లో కోర్టులు జోక్యం చేసుకోకూడదన్నాడు. బోనసు పట్టికలోనే సర్దామన్న ముద్ర కాగితం చదివి వినిపించాడు. జడ్జి కణతలు రుద్దుకుంటూ ఆమెవైపు తిరిగాడు.

"చెప్పండమ్మా. మార్కులు కలపమంటారా?"

"కలపమని అడగడం లేదండీ. వాళ్ళు వేసిన పట్టికలో నన్ను నా వరసలో చూడమంటున్నాను. స్కేలింగు తప్పని కూడా అనను, అది మంచి పద్ధతే. నాకొక్క సందేహం తీర్చమనండి చాలు."

"అడగండి."

"మధ్యాహ్నం ఒకమ్మాయి పరీక్షకొచ్చింది, ఒక్క జవాబూ పెట్టలేదు, ఉత్త కాగితం ఇచ్చి వెళ్ళిపోయింది అనుకోండి. వీళ్ళు చెప్పినట్టు బోనసు లేని ఒట్టి మార్కే పట్టికలో పెట్టాలంటే, ఆ అమ్మాయి మార్కు సున్నా. ఈ పట్టికలో సున్నా ఎక్కడుందో చూపించమనండి."

మండలి లాయరు పట్టిక తిప్పాడు. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. పక్కనున్న అధికారి చెవిలో ఏదో అడిగాడు. అధికారి కళ్ళజోడు నుదుటి మీంచి కళ్ళ మీదికి దింపుకున్నాడు. జడ్జి తన ముందున్న ప్రతి తీసి, ఒక వేలు పెట్టి, మొదటి వరస మెల్లగా చదివాడు.

"నాలుగు. నూరు." తలెత్తాడు. "సున్నా ఏమైందండీ?"

మండలి లాయరు వారం గడువు కోరాడు.

వారం తర్వాత మండలి ఒప్పుకుంటూ కాగితం దాఖలు చేసింది. మార్కులు లెక్కపెట్టే విభాగం ఒకటి, పట్టిక తయారుచేసే విభాగం ఇంకొకటి. నాలుగూ కలపాలన్న ఆదేశం రెండో విభాగానికే చేరింది. మధ్యాహ్నం రాసిన పదకొండు వేలమంది స్కోర్లూ మళ్ళీ వేశారు. కొత్త జాబితా వచ్చింది.

గీత నూట యాభై తొమ్మిది దగ్గర ఆగింది. కామాగారికి నూట అరవై. మేనకోడలికి ఎప్పటిలాగే నూట యాభై ఎనిమిది.

షెడ్డులో వాళ్ళు దండ తెచ్చారు. మెడలో వెయ్యనివ్వలేదు. ఆ సాయంత్రం తమ్ముడి ఇంటికి పోయి గుమ్మం బయటే నిలబడింది. తలుపు తీసింది తమ్ముడు.

"క్షమించమని రాలేదురా. మొహం చాటేశానని మీరనుకోకూడదని వచ్చాను. తిట్టేదుంటే తిట్టండి."

తమ్ముడు తిట్టలేదు. "నా పిల్లను ఎత్తుకుని పెంచిందానివి," అన్నాడు. "నీకెలా చేతులొచ్చాయక్కా?" తలుపు మూసుకుంది. ఆమె మెట్ల మీద కాసేపు కూర్చుని లేచి వచ్చింది. ఆ రాత్రి ఏడ్చిందో లేదో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మాత్రం పదింటికి బల్ల దగ్గర ఉంది.

నిరీక్షణ జాబితా మేనకోడలి దగ్గరికి వచ్చేలోపే ఆగిపోయింది. ఆ పిల్ల ఒక ట్యుటోరియల్లో లెక్కలు చెబుతూ ఏడాది గడిపింది. కామాగారు పగలు టైపు, సాయంత్రం తరగతులు. తనకంటే చిన్నవాళ్ళైన మేష్టార్లు ఆమె లేచి నిలబడితే కంగారుపడేవారు. వాళ్ళు ఒకటి చెబితే ఆమె మూడు అడిగేది. పండక్కీ పబ్బానికీ మరదలు గిన్నెలో ఏదో ఒకటి పంపేది. గిన్నె వచ్చేది, మాట వచ్చేది కాదు.

మరుసటి ఏడు మేనకోడలు మళ్ళీ పరీక్ష రాసింది. నూట డెబ్బై రెండు తెచ్చుకుంది.

చేరిన రెండు వారాలకు కళాశాల మెట్ల మీద ఇద్దరూ ఎదురుపడ్డారు. పగటి తరగతులు ముగిసి పిల్ల దిగుతోంది, సాయంత్రం తరగతులకు అత్త ఎక్కుతోంది. ఏడాది తర్వాత అదే మొదటిసారి ఎదురెదురుగా నిలబడటం. పిల్ల పక్కకు తప్పుకోలేదు.

"నువ్వా పని చెయ్యకపోయుంటే నేనిప్పుడు రెండో సంవత్సరం."

"అవును."

"ఏడాది పోయింది నాది."

"పోయింది. కోపం ఉంటే ఉంచుకో. తియ్యమని అడగను."

పిల్ల పుస్తకాలు ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది. "మళ్ళీ అలాంటిదే వస్తే? నాదే సీటు, నీదే కాగితం. మళ్ళీ వేస్తావా?"

"వేస్తాను."

పిల్ల ఆమెను ఎగాదిగా చూసింది. నెరిసిన జుట్టు, చేతిలో టిఫిను డబ్బా, భుజాన బరువుకు ఒకవైపు సాగిన సంచీ.

"మొండిదానివి," అంది. "కాంట్రాక్టు చట్టం నోట్సు ఉన్నాయా నీ దగ్గర? మా మేష్టారు చెప్పేది ఒక్క ముక్క ఎక్కడం లేదు."

"ఉన్నాయి. ఇవ్వను. వచ్చి కూర్చుంటే చెబుతాను."

"నీ గదికా? మూడో అంతస్తట కదా!"

"కాళ్ళు నొప్పెడితే మానెయ్యి."

పైన గంట మోగింది. కామాగారు చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, ఆలస్యమైపోతోందని రెండేసి మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది.